నలభయ్యో రోజున అమ్మ తాళి తీయాలంటున్నారు, మన ఆర్‌సీఎంలో ఇలాంటిది ఉందా?

కావలి కూతురు:

అందరికీ నమస్కారం. మాది కావలికి పడమర ఒక మెట్ట ఊరు, తాతల నాటి నుంచీ ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మా నాయన పోయి ఈ రోజుకు పదహారు రోజులు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను, సెలవు పొడిగించుకుని ఇంకా ఊళ్లోనే ఉన్నాను. ఇక్కడ ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. ఫాదర్ గారిని అడుగుదామంటే ఆయన పది పన్నెండు పల్లెలు చూసుకోవాలి, మా ఊరికి నెలకు రెండుసార్లు వస్తారు, ఫోన్లో ఇవన్నీ అడగడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోవద్దు.

నాయన రాత్రి రెండింటప్పుడు లేచి మంచం మీద కూర్చుని గుండెల్లో పట్టేసినట్టుంది అన్నాడంట. తమ్ముడు ఆటో మాట్లాడి కావలి దాకా కూడా తీసుకెళ్లలేకపోయాడు, దారిలోనే అయిపోయింది. ఫాదర్ గారు కబురు అందుకుని ఐదున్నరకల్లా వానలో బండి మీద వచ్చారు. అమ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని "నూనె పుయ్యండి సామీ, నూనె పుయ్యండి" అని ఒకటే మాట. ఆయనేమో "అమ్మా, ఆ నూనె అభ్యంగనం ప్రాణం ఉన్నవాళ్లకే, ఇప్పుడు చేయకూడదు, మనం ప్రార్థన చేద్దాం" అని నేల మీదే మోకరించి చాలాసేపు జపం చేశారని తమ్ముడు చెప్పాడు. అమ్మకు అది లోపల ఉండిపోయింది. రోజుకు పదిసార్లు "మీ నాయన అభ్యంగనం లేకుండా పోయాడే" అంటుంది. ఇది నా మొదటి ప్రశ్న, ఆమెకు నేనేం చెప్పాలి?

నేను చేరేసరికి సాయంత్రమైంది. కావలి నుంచి తెచ్చిన ఫ్రీజర్ బాక్సులో పెట్టారు నాయన్ని, చేతికి ఆయన పాత జపమాల చుట్టారు. రాత్రంతా ఊరి ఆడవాళ్లు జపమాల దుఃఖ దేవరహస్యాలు, అంటే యేసు శ్రమల మీద ప్రార్థనలు, చెప్తూనే ఉన్నారు, ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు. మధ్యలో మా మేనత్త, నాయనకు పెద్దక్క, శోకాలు మొదలుపెట్టింది, ఆయన చిన్నప్పుడు చింతచెట్టెక్కి పడటం దగ్గర్నుంచి మొన్న మినుములకు రేటు రాక బాధపడ్డది దాకా అన్నీ ఏడుస్తూ రాగం తీసి చెప్తుంటే అక్కడున్న మగాళ్లు కూడా ఏడ్చారు. అప్పుడు మా చిన్నాన్న అల్లుడు, ఆయనది ఒంగోలు, బాప్టిస్టులు, "దేవుని బిడ్డలు నిరీక్షణ లేనోళ్లలాగా ఏడవకూడదు" అన్నాడు. అంతటితో ఆగలేదు. మట్టి చేసొచ్చాక అందరి ముందు "పోయినోళ్ల కోసం ఫాదర్ గారితో పూజలు, అంటే మాస్, చెప్పించడం దండగ, బైబిల్లో ఎక్కడా లేదు" అనేశాడు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

గుంత తవ్వితే అడుగున నీళ్లూరాయి, అక్టోబరు వానలు కదా. బక్కెట్లతో తోడుతుంటే మళ్లీ ఊరుతున్నాయి. అమ్మ "నీళ్లలో పెట్టొద్దు ఆయన్ని" అని అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. పిల్లలు వాగు దగ్గరికి పరిగెత్తి ఇసుక మోసుకొచ్చి పోస్తే, ఫాదర్ గారు తీర్థజలం చల్లి, అప్పుడు దించారు. ఇప్పుడు వానకు మట్టి కుంగిపోయింది, నవంబరు 2 సమాధుల పండుగ లోపల మళ్లీ మట్టి ఎత్తి సున్నం వేయాలి.

అసలు సంగతి ఇది. నలభయ్యో రోజున పూజ చెప్పించి భోజనాలు పెట్టాలని అనుకున్నారు. ఆ రోజు తెల్లవారుజామున అమ్మను కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, మెట్టెలు, తాళి తీయాలని మేనత్త పట్టుబట్టింది. మా అమ్మ తాళికి రెండు బొట్లున్నాయి, ఒకదాని మీద సిలువ ఉంది, గుడిలో పెళ్లినాడు సామిగారు మంత్రించి ఇచ్చారు. "మన ఇళ్లల్లో ఇట్నే చేస్తారు, చెయ్యకపోతే నీ తమ్ముడికి మంచిది కాదు" అంటుంది అత్త. అమ్మ ఏమీ మాట్లాడదు, గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. మన కాథలిక్ శ్రీసభలో ఇది ఉందా? లేకపోతే ఏమని చెప్పి ఆపాలి?

భోజనాల సంగతి కూడా. నాలుగొందల మందికి పెట్టాలంటున్నారు. తమ్ముడు కౌలుకు చేస్తున్నాడు, ఇప్పటికే అప్పు ఉంది.

పాత ఉపదేశి:

అమ్మా, ముందు మీ నాయనకు నిత్య విశ్రాంతి దయచేయమని ఇప్పుడే ఒక జపం చెప్పుకుని రాస్తున్నాను. నేను ప్రకాశం జిల్లాలో ముప్పై ఏళ్లు ఉపదేశిగా, అంటే ఫాదర్ లేనప్పుడు ఊళ్లో ప్రార్థనలు నడిపించి మతం నేర్పే మనిషిగా చేశాను, మా నాయన కూడా మిల్ హిల్ అనే విదేశీ సభ ఫాదర్ల కాలంలో ఉపదేశే. 1928లో మద్రాసు నుంచి విడదీసి నెల్లూరు మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) పెట్టినప్పుడు దాన్ని చూసుకున్నది ఆ ఫాదర్లే. వాళ్లకు తెలుగు సరిగ్గా రాని రోజుల్లో చావు ఇళ్లకు ముందు నడిచింది ఉపదేశులే. కాబట్టి ఈ చావు ఇళ్ల సంగతి నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

అభ్యంగనం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే మీ అమ్మను లోపల తినేస్తున్నది అదే. అది వ్యాధిగ్రస్తుల కోసం ఇచ్చిన సంస్కారం. యాకోబు లేఖ 5వ అధ్యాయంలో మీలో ఎవరైనా జబ్బుపడితే పెద్దల్ని పిలిపించండి అని ఉంటుంది చూడండి, అది బతికున్నవాడి గురించి. ప్రాణం ఉందో పోయిందో అనుమానంగా ఉంటే గురువులు చేస్తారు, తప్పకుండా చేస్తారు. పోయిందని తేలిపోయాక చేయరు. మీ ఫాదర్ గారు మనసు లేక చేయకుండా ఉన్నారని కాదు. దేవుడు సంస్కారాలు మనకిచ్చాడు గానీ తాను వాటికి కట్టుబడి చేతులు ముడుచుకుని కూర్చోడు, ఇది శ్రీసభ సత్యోపదేశం పుస్తకంలోనే జ్ఞానస్నానం (బాప్తిస్మం) దగ్గర రాసి ఉంది. మీ అమ్మతో ఇంకో మాట కూడా చెప్పండి. ఆయన మొన్నటి ఈస్టర్‌కు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేశాడా, ఆదివారం పూజకు వెళ్లేవాడా, రాత్రి పడుకునే ముందు సిలువ గుర్తు వేసుకునేవాడా అని ఆమెనే అడగండి. ఆమె నోటితోనే చెప్పించండి. నేను చాలామంది దగ్గర అట్లా చేశాను, తను చెప్తూ చెప్తూ ఉండగానే ముఖంలో కొంచెం తేడా కనిపిస్తుంది.

ఇంక మన అంత్యక్రియల్లో శ్రీసభ అడిగేది చాలా తక్కువమ్మా. ఇంటి దగ్గర జాగారం, గుడిలో పూజ, సమాధి దగ్గర అప్పగింత. తీర్థజలం ఎందుకు చల్లుతారంటే జ్ఞానస్నానంలో ఈ మనిషి ఒకసారి క్రీస్తుతో చనిపోయి లేచాడు అని గుర్తు. సాంబ్రాణి వేసేది ఆ శరీరం పవిత్రాత్మకు గుడి కాబట్టి. తల దగ్గర పాస్కా (ఈస్టర్) కొవ్వొత్తి పెట్టేది ఉత్థానానికి గుర్తు. ఇంతే. పూజ కుదరని రోజులు కూడా కొన్ని ఉన్నాయి, పెద్ద గురువారం నుంచి ఈస్టర్ దాకా పోతే పూజ లేకుండానే ప్రార్థనలతో మట్టి చేస్తాం, అప్పుడు కూడా జనం గొడవ పెట్టుకుంటారు మా మనిషికి పూజ లేకుండా చేశారని. తర్వాత ఒకరోజు పూజ చెప్పించుకోవచ్చు, ఏమీ తక్కువ కాదు.

గాజులు, తాళి, బొట్టు, ఇవి ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేవు. ముప్పై ఏళ్లలో ఏ గురువు కూడా దగ్గరుండి అది చేయించడం నేను చూడలేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి, చాలామంది గురువులు పూజ చెప్పేసి వెళ్లిపోతారు, ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో అడగరు. నేనూ అడిగేవాణ్ణి కాదు. అది ఆడోళ్ల పని అని పక్కకు వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు తల్చుకుంటే తప్పు చేశాననిపిస్తుంది.

ఒంగోలు నుంచి ఒక బాప్టిస్టు:

చెల్లెమ్మా, మీ బావ తరఫున నేను క్షమాపణ చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అమెరికా మిషనరీ క్లౌ దొర గారి కాలం, మా ముత్తాత వాళ్ల నాయన ఆ గుంపులో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాబట్టి నేను గట్టి బాప్టిస్టునే. పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయడం మా దగ్గర లేదు. మీవాళ్లు చూపించే మక్కబీయుల రెండో గ్రంథం మా బైబిల్లో ఉండదు, అందుకే మీ బావ "బైబిల్లో లేదు" అన్నాడు. మీ బైబిల్లో ఉంది. పన్నెండో అధ్యాయంలో యుద్ధంలో చనిపోయిన సైనికుల పాపం కోసం యూదా మక్కబీయుడు డబ్బు పోగుచేసి యెరూషలేముకు బలి అర్పించడానికి పంపుతాడు. నా భార్య ఆర్‌సీఎం, పెళ్లైన మొదటేడు దీని మీద మేమిద్దరం రెండు నెలలు వాదించుకున్నాం, అందుకే నాకు ఇంత వివరంగా తెలుసు.

మామగారు పోయినప్పుడు నేను పూజలో కూర్చున్నాను. నమ్మకం మార్చుకోలేదు. కానీ నా భార్య తన తండ్రిని ప్రేమించడానికి చావు తర్వాత కూడా ఒక దారి ఉందని నమ్మితే, ఆ ఇంట్లో నిలబడి అది దండగ అని చెప్పే హక్కు నాకు లేదనిపించింది. వాదన పెట్టుకోవాలంటే ఇంకో ఏడాది ఇంకో చోట పెట్టుకోవచ్చు.

ఏడుపు గురించి ఆయన ఎత్తి చూపింది పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాట. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడకండి అన్నాడు గానీ అసలు దుఃఖపడకండి అనలేదు కదా. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర ఏడ్చాడు. మీ మేనత్తను ఏడవనివ్వండి.

గాజుల సంగతి మాత్రం మీ ఒక్కరిదే అనుకోవద్దు. మా సంఘాల్లోనూ చేస్తారు, పేరు మాత్రం ఆదరణ కూటం అని పెడతారు, ముందురోజు రాత్రి లోపల గదిలో అన్నీ జరిగిపోతాయి.

పొదిలి పెద్దమ్మాయి:

చెల్లీ, నీ పోస్టు పొద్దున చదివాను, పనిలో ఉండి కూడా అదే గుర్తొస్తా ఉంది. మా నాయన పోయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. పదకొండో రోజు చేశారు మాకు, మా చుట్టుపక్కల హిందువులు కూడా పెద్దదినం అప్పుడే చేస్తారు కాబట్టి. తెల్లవారుజామున నాలుగింటికి నన్నూ చెల్లెల్నీ నిద్ర లేపొద్దన్నారు, కానీ నాకు మెలకువ వచ్చింది. అమ్మకు ముందు నిండా గాజులేశారు, తల నిండా పూలు పెట్టారు, పసుపు రాశారు, పెళ్లికూతురికి చేసినట్టు. అంతా చేసి అప్పుడు తీశారు. ఆ అలంకరణ ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తీయబోయేదాన్ని పెట్టి మరీ తీయడం. గాజులు రాయి పెట్టి కొడితే ఒక ముక్క మణికట్టులో గుచ్చుకుని రక్తం వచ్చింది, అమ్మ అరవలేదు. గోడ మీద యేసు తిరుహృదయం పటం, దాని కింద ఈ పని. ఆ మధ్యాహ్నమే ఫాదర్ గారు వచ్చి పూజ చెప్పి, నాయన ఉత్థానం గురించి చాలా మంచి ప్రసంగం చేశారు. అమ్మ వెనక వరుసలో ముసుగేసుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆరు నెలలు గుడికి రాలేదు. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పమనేది. నా పెళ్లిలో నాకు తలంబ్రాలప్పుడు కూడా దగ్గరికి రాలేదు, దూరంగా స్తంభం పక్కన నిలబడి చూసింది, ఎవరూ రావద్దనలేదు, తనే రాలేదు. నాకు ఇంతకంటే బాధ ఇంకోటి లేదు.

మూడేళ్ల కింద మా పిన్ని భర్త పోయాడు. ఈసారి మేం నలుగురం అక్కచెల్లెళ్లం ముందే అనుకుని, ముందురోజు రాత్రి పిన్ని గదిలోనే పడుకున్నాం, తలుపు గడియ పెట్టుకుని. నాలుగింటికి వచ్చి తట్టారు. తియ్యలేదు. అరిచారు, తిట్టారు, ఊరికి అరిష్టం అన్నారు. తెల్లారాక పిన్ని ఎర్ర గాజులతోనే పూజకు వచ్చి రెండో వరుసలో కూర్చుంది. దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి వరుసలో నడుస్తుంటే అందరూ ఆమె చేతులే చూస్తున్నారు. అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి నాతో ఒకే ఒక్క మాటంది, "నాకు ఎవరూ తలుపు గడియ పెట్టలేదే" అని.

నీకు చెప్పేది ఒకటే. మీ అమ్మ మాట్లాడటం లేదంటే ఒప్పుకుందని కాదు. ఆమెను ఒంటరిగా అడుగు. ఇంట్లో కాదు, ఇంట్లో గోడలకు చెవులుంటాయి. సమాధి దగ్గరికి మట్టి ఎత్తడానికి వెళ్లినప్పుడు అడుగు.

సెమినరీలో చదివినవాడు:

నేను గురువును కాను, సెమినరీలో కొన్నేళ్లు చదివి బయటికి వచ్చాను, ఇప్పుడు నెల్లూరులో పాఠాలు చెప్పుకుంటున్నాను. పైన ఉపదేశి గారు చెప్పినవన్నీ నిజం. రెండు మూడు విషయాలు కలుపుతాను.

నలభై రోజులన్నది మన లాటిన్ రీతిలో, అంటే రోము పద్ధతిలో, చట్టం కాదు. పాత పూజాగ్రంథంలో మూడో రోజు, ఏడో రోజు, ముప్పయ్యో రోజుకు విడిగా ప్రార్థనలుండేవి. నలభై తూర్పు శ్రీసభల్లో బాగా ఉంది, ప్రభువు ఉత్థానమైన నలభై రోజులకు మోక్షారోహణమయ్యాడు కదా, మనవాళ్లకూ ఆ లెక్క నచ్చింది. చేసుకోవడం తప్పేమీ కాదు. కానీ ముప్పయ్యో రోజే చేసుకున్నా, అసలు పెద్దగా ఏదీ చేయకుండా ఒక్క పూజ చెప్పించుకున్నా మీ నాయనకు రావాల్సింది ఏదీ తగ్గదు. నవంబరు 2 ఎలాగూ దగ్గర్లో ఉంది. ఆ రోజు ప్రతి గురువూ మూడు పూజలు చేయొచ్చు, 1915లో పదిహేనో బెనెడిక్ట్ పోపు గారు యుద్ధంలో లక్షల మంది పోతుంటే ఇచ్చిన అనుమతి అది. నవంబరు 1 నుంచి 8 దాకా ఏ రోజైనా సమాధుల తోటకు వెళ్లి ప్రార్థించి, పాపసంకీర్తనం చేసి సత్ప్రసాదం తీసుకుంటే, పోప్ గారి తలంపుల కోసం కూడా ప్రార్థిస్తే, ఆ ఫలాన్ని మోక్షానికి ముందు శుద్ధి జరిగే ఉత్తరించు స్థలంలోని ఆత్మలకు ఇవ్వొచ్చని శ్రీసభ చెప్తుంది. దీనికి నాలుగొందల విస్తళ్లు అక్కర్లేదు. పేదవాళ్లకు తగిన అంత్యక్రియలు దక్కకుండా పోకూడదని శ్రీసభ చట్టం 1181లో రాసే ఉంది, మీ తమ్ముడు సిగ్గుపడాల్సిన పనే లేదు. మీ ఊళ్లో పేదలకు సాయం చేసే విన్సెంట్ డి పాల్ సంఘం ఉంటే పెట్టె ఖర్చుకు కూడా సాయం చేస్తారు కొన్ని చోట్ల.

ఇప్పుడు తాళి. దీనికి పెద్ద చరిత్రే ఉంది, మీ మేనత్తకు చెప్పడానికి పనికొస్తుందేమో చూడండి. మూడొందల ఏళ్ల కింద దక్షిణాదిలో క్రైస్తవులైన ఆడవాళ్లు పాత తాళే వేసుకునేవాళ్లు, దాని మీద వినాయకుడి బొమ్మ ఉండేది. రోము నుంచి వచ్చిన పోప్ గారి ప్రతినిధి ద తూర్నోన్ 1704లో పుదుచ్చేరిలో ఒక శాసనం ఇచ్చాడు, ఆ బొమ్మ ఉన్న తాళి వద్దు, కావాలంటే సిలువో మరియమాత బొమ్మో ఉన్నది వేసుకోండని. దాని మీద నలభై ఏళ్లు తగాదా నడిచింది. అంటే మీ అమ్మ మెడలో ఉన్న ఆ సిలువ బొట్టు ఊరికే వచ్చింది కాదు. మన ఆడవాళ్లు తాళి వదులుకోం అన్నారు, శ్రీసభ సిలువ ఉండాలంది, రెండూ కలిస్తే అది వచ్చింది. మొగుడు పోతే తాళి తీస్తారని అత్త అంటుంది సరే, సిలువను ఎట్లా తీస్తారు? సిలువ ఆమెకు మొగుడి వల్ల రాలేదు కదా, జ్ఞానస్నానం నాడే వచ్చింది.

విధవరాలు శుభకార్యంలో ముందు ఉండకూడదనేవాళ్లకు లూకా సువార్త రెండో అధ్యాయం చదివి వినిపించండి. బాలయేసును గుడికి తెచ్చినప్పుడు ఎదురొచ్చింది ఎవరు? అన్న అనే పేరున్న ప్రవక్తి. ఏడేళ్లు కాపురం చేసి భర్త పోయిన మనిషి. మన ప్రభువుకే విధవ ఎదురొచ్చింది.

కావలి కూతురు:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆలస్యంగా రాస్తున్నాను, ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు.

పొదిలి అక్క చెప్పినట్టే నిన్న సాయంత్రం అమ్మను సమాధి దగ్గరికి తీసుకెళ్లాను. వాన తెరిపిచ్చింది. ముందు ఉపదేశి గారు చెప్పినట్టు నాయన గురించి అడిగాను. ఈస్టర్‌కు పాపసంకీర్తనం చేశాడా అమ్మా అంటే, "చేశాడు, చేసి వచ్చి మీ చిన్నాన్నతో గట్టు తగాదా కూడా వదిలేసుకున్నాడు, పోతే పోనీ మూరెడు నేల అన్నాడు" అంది. నాకు ఆ సంగతే తెలియదు. చాలాసేపు చెప్పింది. అభ్యంగనం మాట ఎత్తలేదు మళ్లీ.

తర్వాత తాళి గురించి అడిగాను. నేను అమ్మ ఏదీ తీయనంటుందని అనుకున్నాను. అట్లా అనలేదు. "మెట్టెలు నేనే తీస్తా, అవి ఆయన పెట్టినవి, ఆయన పటం దగ్గర పెడతా. గాజులు పగలగొట్టొద్దు, తిరునాళ్లలో ఆయన కొనిచ్చినవి ఉన్నాయి, తీసి దాయి. సిలువ నా మెడలోనే ఉండనీ. నేను పోయినప్పుడు దాంతోనే పెట్టండి" అంది. బొట్టు గురించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు మొదట కొంచెం బాధేసింది, ఎందుకు తీయాలి మెట్టెలు కూడా అని. కానీ ఆమె చెప్పిన తీరు చూస్తే అది ఎవరో తీసినట్టు లేదు.

భోజనాలు తగ్గించుకున్నాం. నవంబరు 2న సమాధుల తోటలో ఊరందరి పూజ ఎలాగూ ఉంది, నలభయ్యో రోజు దగ్గరివాళ్ల వరకే. చిన్నాన్న తనంతట తానే వచ్చి ఒప్పుకున్నాడు.

మేనత్త మాత్రం అలిగింది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా గడప తొక్కలేదు. "నేను బతికుండగా ఈ ఇంట్లో ఇట్లాంటిది చూడాల్నా" అని వాళ్ల కోడలితో అందంట. నవంబరు 2న నాయన సమాధి దగ్గర ఆమె లేకపోతే నాయన ఓర్చుకోడు. ఆమె అంటే ఆయనకు ప్రాణం. ఏం చేయాలో తెలియడం లేదు.

పాత ఉపదేశి:

తల్లీ, మీరు మొదటి పోస్టులో రాసిన దాన్లో ఒకటి నాకు తగులుతూనే ఉంది, అడగొచ్చో లేదో అని ఆగాను. మీ మేనత్త భర్త ఉన్నారా? లేకపోతే ఆమెకు అప్పుడు ఎన్నేళ్లు?

కావలి కూతురు:

లేరు. నేను పుట్టకముందే పాము కరిచి పోయాడంట మామ. అత్తకు అప్పుడు ఇరవై నాలుగో ఇరవై ఐదో. నేనెప్పుడూ ఆమెను ఖాళీ మెడతోనే చూశాను, ఖాళీ చేతులతోనే. ఎప్పుడూ అట్లానే ఉంటుంది కాబట్టి నాకు అది ఒక సంగతిగా కూడా అనిపించలేదు, అందుకే రాయలేదు. మీరు అడిగాక అమ్మను అడిగితే, ఆ రోజు అత్త తీయనివ్వకుండా పెనుగులాడిందంట, నలుగురు పట్టుకున్నారంట. నాయన అప్పటికి చిన్నోడు, గుమ్మం దగ్గర నిలబడి అక్కను వదలండి అని ఏడుస్తుంటే ఎవరో బయటికి ఎత్తుకుపోయారంట.

రేపు పొద్దున నేనూ అమ్మా ఇద్దరం అత్త ఇంటికి వెళ్తున్నాం. నాయన సమాధికి సున్నం వేయించేటప్పుడు పక్క వరుసలో ఉన్న మామ సమాధికి కూడా వేయిద్దామని తమ్ముడన్నాడు. ఆ మాట అడగడానికని వెళ్తున్నాం, మిగతాది అక్కడ చూసుకుంటాం.